రక్తం ఇచ్చినవాళ్ల సంగతీ రాయండి

సంపాదకులకు నమస్కారం.

చేపనూనె గుళికల మీద ఈమధ్య మీ ఆరోగ్య పేజీలో వచ్చిన వ్యాసం చదివాను. ‘ఎస్కిమోలు సీల్, తిమింగలం కొవ్వు ఎంత తిన్నా వాళ్లకు గుండెజబ్బులు రావు’ అంటూ మొదలైంది. నా చిన్నప్పటి నుంచీ ఈ మాట పత్రికల్లో తిరుగుతూనే ఉంది. మందుల షాపుకెళితే గుళికల డబ్బా ఇచ్చే కుర్రాడు కూడా ఇదే చెబుతాడు. దాని పుట్టుక గురించి మాత్రం ఎవరూ రాయరు.

1970లో బాంగ్, డైయర్‌బర్గ్ అనే డెన్మార్క్ పరిశోధకులు గ్రీన్‌లాండ్ పడమటి తీరానికి వెళ్లి 130 మంది ఇన్యూట్ల (మనం ఎస్కిమోలు అంటున్నది వీళ్లనే) దగ్గర రక్తం తీసి, అందులోని కొవ్వులు కొలిచారు. గుండె పరీక్షలు చెయ్యలేదు. గుండెజబ్బులు తక్కువన్నది అక్కడి వైద్యాధికారుల వార్షిక నివేదికల్లోని లెక్కలు చూసి అన్న మాట. డాక్టరు అందుబాటులో లేని పల్లెల్లో మరణ కారణం అనే గడి ఎలా నిండుతుందో ఏజెన్సీలో ఏఎన్ఎంగా పనిచేసిన నాకు ఒకరు చెప్పక్కర్లేదు. 2014లో కెనడా హృద్రోగ వైద్య పత్రికలో వచ్చిన సమీక్ష ఆ పాత లెక్కలన్నీ తిరగేసింది. ఇన్యూట్లకూ గుండెజబ్బులు మిగతావాళ్లకు వచ్చినట్టే వస్తున్నాయనీ, పక్షవాతంతో పోయేవాళ్లయితే ఇంకా ఎక్కువేననీ తేల్చింది. మరుసటి ఏడాది ‘సైన్స్’ పత్రికలో వచ్చిన అధ్యయనం, ఆ కొవ్వు తిండికి తగ్గట్టు వాళ్ల జన్యువుల్లోనే మార్పులు వచ్చి ఉన్నాయని చూపించింది. వాళ్ల ఒంటికి పట్టింది మన ఒంటికీ పడుతుందన్న నమ్మకం ఏమిటి?

నూనె సంగతి అటుంచండి. మీ వ్యాసంలో ఆ మనుషులు ఒక్క వాక్యంలో వచ్చి వెళ్లిపోయారు. నాకు నచ్చనిది అది.

కెనడా ఉత్తరాన ఇగ్లూలిక్ అనే ఇన్యూట్ల ఊరుంది. 1970ల మొదట్లో పరిశోధకులు అక్కడివాళ్ల ముంజేతి నుంచి చర్మపు ముక్కలు కోసి, ఒకరివి ఇంకొకరికి అతికించి చూశారు. ఒకరి చర్మాన్ని మరొకరి ఒళ్లు ఎంతవరకు ఒప్పుకుంటుందో తెలుసుకోవడానికట. ఎందుకు కోస్తున్నారో తమకెవరూ చెప్పలేదని, ఆ మచ్చలున్న పెద్దవాళ్లు చెప్పుకొచ్చిన సంగతి 2019లో గానీ వార్తలకెక్కలేదు. ఎదురు చెప్పలేకపోయారా అంటే, ఆ రోజుల్లో తెల్ల డాక్టరు మాటకు అడ్డు చెప్పడమంటే మామూలు విషయం కాదు. అంతకుముందే క్షయ కోసమని సి.డి. హౌ అనే ఓడ వచ్చేది. ఓడలోనే ఎక్స్‌రే తీసి, ఊపిరితిత్తుల్లో మచ్చ కనిపిస్తే ఒడ్డుకు పోయి ఇంట్లోవాళ్లతో ఒక మాట చెప్పి రానివ్వకుండా దక్షిణ కెనడా ఆస్పత్రులకు తీసుకెళ్లిపోయేవారు. 1956 నాటికి ప్రతి ఏడుగురు ఇన్యూట్లలో ఒకరు అలా ఆస్పత్రిలోనే ఉన్నారు. చనిపోయినవాళ్లను అక్కడే పూడ్చేశారు. సమాధి ఎక్కడుందో నేటికీ వెతుక్కుంటున్న కుటుంబాలున్నాయి. ఈ క్షయ తరలింపులకు అప్పటి కెనడా ప్రధాని ట్రూడో 2019 మార్చిలో ఉత్తరాన ఇకాలుయిట్ అనే ఊరికి వెళ్లి క్షమాపణ చెప్పారు.

ఇంత జరిగినా పరిశోధన వద్దని వాళ్లు అనడం లేదు. 1980ల చివర క్యూబెక్ ఉత్తరాన నునావిక్‌లో తల్లిపాలు పరీక్షిస్తే, దక్షిణాది తల్లుల పాలలో కంటే పీసీబీలు అనే విష రసాయనాలు దాదాపు అయిదు రెట్లు ఉన్నాయి. ఫ్యాక్టరీలేమో దక్షిణాన, విషం గాలికీ నీటికీ కొట్టుకొచ్చి చేరింది వీళ్ల చేపల్లోకి, తిమింగలాల్లోకి. తర్వాత పాదరసం లెక్క కూడా తేలాక, పిల్లలు కనే వయసు ఆడవాళ్లు బెలూగా తిమింగలం మాంసం తగ్గించాలని 2011లో అక్కడి ఆరోగ్య మండలి సలహా ఇచ్చింది. వేటాడి తెచ్చి ఊరంతా పంచుకు తినే మాంసం అది. దుకాణంలో సరుకుల ధర మండిపోయే చోట తినొద్దని చెప్పడం ఎంత తేలిక! అందుకే ఏం పరీక్షించాలి, ఫలితం ముందు ఎవరికి చెప్పాలి, రక్తమూ వివరాలూ ఎవరి అధీనంలో ఉండాలి అన్నది తామే తేలుస్తామని ఇన్యూట్ల జాతీయ సంస్థ ఇన్యూట్ తపిరీట్ కనాతమి 2018లో పరిశోధనా విధానం ప్రకటించింది. ఇగ్లూలిక్ ఉన్న నునావుట్ ప్రాంతంలోనైతే లైసెన్సు లేకుండా ఆరోగ్య పరిశోధనకు అడుగుపెట్టడానికి చట్టం ఒప్పుకోదు.

ఇదంతా ఎక్కడో మంచుదేశం గొడవ అనుకుంటారేమో. 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలు సుమారు 14 వేల మందికి ఒక ప్రాజెక్టు కింద, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా ఇచ్చే హెచ్‌పీవీ టీకా వేశారు. వాళ్లలో ఆశ్రమ పాఠశాలల, హాస్టళ్ల పిల్లలెందరో. 2010 ఏప్రిల్‌లో దాన్ని ఆపేశారు. పార్లమెంటు స్థాయీ సంఘం 2013 నివేదిక ప్రకారం, చూసిన 9,543 సమ్మతి పత్రాల్లో 2,763 మీద సంతకం హాస్టల్ వార్డెన్‌ది. మరో 1,948 మీద వేలిముద్రలు. టీకాతో నాకు పేచీ లేదు, అది మంచిదే. కానీ అమ్మానాన్నలు పెట్టాల్సిన సంతకం వార్డెన్ పెట్టేశాక ఆ కాగితానికి విలువేముంది?

కాబట్టి నా విన్నపం ఒకటే. ఇకమీదట ఏ అధ్యయనం గురించి వేసినా, ఎవరి రక్తం తీశారు, ఏం చెప్పి తీశారు, ఫలితం తిరిగి వాళ్లకు చేరిందా అన్నది రెండు ముక్కల్లో రాయించండి. రాసిన డాక్టరు గారికి తెలియకపోతే కనుక్కుని రాయమనండి. 2023 నుంచి మన ఏజెన్సీ ఊళ్లలో సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్తజబ్బుకు పరీక్షలు పెద్దఎత్తున చేస్తున్నారు, కార్డులూ ఇస్తున్నారు. మీ విలేకరిని ఏదో ఒక ఐటీడీఏ ఊరికి పంపి, ఆ కార్డులో ఏముందో అది చేత్తో పట్టుకున్నవాళ్లనే అడిగించి వెయ్యండి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఏఎన్ఎం,
కొత్తగూడెం