వార్షిక నివేదిక: బహుమతి పోయి నోటుపుస్తకం వచ్చిన ఏడాది

సభ్యులందరికీ నమస్కారం.

పోయిన సర్వసభ్య సమావేశంలో ఉత్తమ కవిత బహుమతి తీసేసి, ఆ డబ్బుతో ప్రతి సభ్యుడికీ ఒక నోటుపుస్తకం కొనివ్వాలని తీర్మానించాం. బహుమతి లేకపోతే ఎవరు రాస్తారని వ్యతిరేకంగా చెయ్యెత్తినవాళ్లలో నేనూ ఉన్నాను. నా అంచనా తప్పింది కాబట్టి నివేదిక అక్కణ్ణుంచే మొదలుపెడుతున్నాను.

పుస్తకానికి పెట్టిన నియమం ఒక్కటే. రోజుకి మూడు వాక్యాలు రాయాలి. వాటిలో ఒకటైనా ఆ రోజు కంటితో చూసిందో చెవితో విన్నదో అయి ఉండాలి. మొదటి నెల అందరం 'పొద్దున లేచాను, పనికి వెళ్లాను' బాపతే రాశాం. రాసిందే రాయడం విసుగొచ్చాక గానీ చుట్టూ చూడ్డం మొదలుపెట్టలేదు.

ఒక సభ్యురాలు ఏడాది మొదట్లో 'అమ్మ ప్రేమ ఆకాశం, అమ్మ మనసు సముద్రం' అని చదివారు. మర్యాదగా చప్పట్లు కొట్టాం. కొన్ని నెలల తర్వాత ఆమె పుస్తకంలో ఈ మాటలున్నాయి: 'అమ్మ కళ్ళజోడు ఇంకా కిటికీలోనే ఉంది. తియ్యడానికి ఎవరికీ చెయ్యి రావడం లేదు.' దాన్నే నానీగా మలిచారు. నానీ అంటే తెలిసిందే, నాలుగు పాదాలు, 20 నుంచి 25 అక్షరాలు.

కిటికీలో
అమ్మ కళ్ళజోడు
దుమ్ములోంచే
మమ్మల్ని చూస్తోంది

లెక్కపెడితే సరిగ్గా 20. చివర్లో మొదట 'దీవిస్తోంది' అని ఉండేది. దీవించడం కళ్ళజోడు పని కాదని ఆమే కొట్టేశారు. ఈ ఏడాది మన సంఘంలో జరిగిన మంచి పనుల్లో నా దృష్టిలో ఆ కొట్టివేతే ముందుంటుంది.

ఛందస్సు తరగతి తడబడింది. మొదటి వారం గణాల (పద్యంలో అక్షరాల గుంపుల) పట్టిక బోర్డు మీద రాసేసరికి రెండో వారానికి సగం కుర్చీలు ఖాళీ. తర్వాత పట్టిక పక్కన పెట్టి చప్పట్లతో నేర్పాం. 'గడప' అంటే మూడు లఘువులు (పొట్టిగా పలికేవి), 'దాటి' అంటే గురువు (పొడుగ్గా పలికేది), లఘువు. రెండూ సూర్యగణాలే. ఆటవెలదిలో రెండో పాదానికీ నాలుగో పాదానికీ ఇవే ఐదేసి కావాలి. పద్యమంటేనే భయపడే ఒకాయన ఆ వారం 'గడప దాటి వచ్చె గాలివాన' అని తెచ్చారు. నాలుగో గణం మొదట 'గా' పడి యతి, అంటే పాదం మొదటి అక్షరంతో పొత్తు, కూడా దానంతటదే కుదిరింది. మిగతా మూడు పాదాలు ఇంకా రావాలి. తొందరేం లేదు.

నాలుగు రోజుల రాత గురించి. మనస్తత్వ పరిశోధకులు జేమ్స్ పెన్నెబేకర్, శాండ్రా బీల్ 1986లో ప్రచురించిన అధ్యయనంలో విద్యార్థులు వరసగా నాలుగు రాత్రులు, పదిహేనేసి నిమిషాలు, తమను కలచివేసిన సంగతులు రాశారు. రాసిన వెంటనే మనసు ఇంకా బరువెక్కింది. తర్వాతి నెలల్లో మాత్రం వాళ్లు వైద్యానికి వెళ్లడం తగ్గింది. ఇష్టమున్నవాళ్లం ఆ పద్ధతిలో రాశాం. ముందు మనసు బరువెక్కుతుందన్న సంగతి నేను ముందే గట్టిగా చెప్పి ఉండాల్సింది. రెండో రాత్రే ఒకరు ఆపేశారు. ఆపడం తప్పేమీ కాదు.

ఒక పొరపాటు కూడా రికార్డు చెయ్యాలి. ఒక నెల సమావేశంలో ఒక సభ్యుడి పుస్తకంలోని పేజీని ఇంకొకరు అడక్కుండా చదివేశారు. నవ్వులాటకే అయినా ఆ సభ్యుడు రెండు నెలలు రాలేదు. కార్యవర్గం తరఫున క్షమాపణ చెప్పాం. ఇకనుంచి ఎవరి పుస్తకం వాళ్లే తెరవాలి, వాళ్లు ఎంచిన వాక్యమే బయటికి రావాలి.

జమాఖర్చులు కోశాధికారి విడిగా చదువుతారు. పుస్తకాలు నిండిపోయినవాళ్లు కొత్తవాటికి ఈ సమావేశంలోనే పేరు ఇవ్వండి. గీతలున్నవి కావాలో, లేనివి కావాలో కూడా చెప్పండి. పోయినసారి గీతల్లేనివి తెచ్చామని చాలామంది అలిగారు.

– కార్యదర్శి