పెత్రమాసకు ముత్తాత పేరు వెతికేవారికి

సంపాదకులకు నమస్కారం.

పెత్రమాస (పితృ అమావాస్య) దగ్గరికొస్తోంది. పెద్దలకు బియ్యం ఇచ్చేటప్పుడు తండ్రి, తాత, ముత్తాత పేర్లు చెప్పమంటే నగరంలో చాలామంది తాత దగ్గరే ఆగిపోతున్నారు. ఆ పేరు కనుక్కోవాలన్న తపన ఈమధ్య బాగా పెరిగింది, సంతోషం. కానీ ఎక్కువమంది మొదటి అడుగులోనే తప్పుతున్నారు. ఇంటిపేరును ఇంటర్నెట్‌లో కొట్టి, అదే ఇంటిపేరున్న ఏదో పెద్ద వంశానికి తమను అతికించేసుకుంటున్నారు. మన ఇంటిపేర్లలో చాలావాటికి మూలం ఊరిపేరే. ఒక ఊరి నుంచి కదిలిన నాలుగు కులాలవాళ్లకూ అదే ఇంటిపేరు పడి ఉండొచ్చు. అందుకని తెలిసిన మనిషితో మొదలుపెట్టి, తరానికో కాగితమో సాక్ష్యమో పట్టుకుని వెనక్కి వెళ్లాలి.

తెలంగాణ పల్లెలో మూలాలున్నవారికి మొదటి గట్టి ఆధారం 1954-55 ఖాస్రా పహాణీ, అంటే ఊరి భూములు, సాగు వివరాల రిజిస్టరు. పట్టాదారు పేరే కాక సాగులో ఉన్నవారి పేరూ అందులో ఉంటుంది కనుక సొంత భూమి లేని కౌలుదారు కుటుంబానికీ పనికొస్తుంది. దానికంటే వెనక్కి వెళ్లాలంటే భూములు కొలిచి శిస్తు కట్టిన సర్వే సెటిల్‌మెంటు నాటి మూల రిజిస్టరు, సేత్వార్ చూడాలి. ఏది అడిగినా సర్వే నంబరు చేతిలో ఉండాలి, పాత తాలూకా, పాత జిల్లా పేర్లు తెలిసుండాలి. మండలాలు 1985లో వచ్చాయి, కొత్త జిల్లాలు 2016లో. ఖమ్మం 1953 దాకా వరంగల్ జిల్లాలోనే ఉంది. ఇప్పటి జిల్లా పేరు చెప్పి అడిగితే రికార్డు గదిలో ఆ కట్ట దొరకదు. ఊరు దివానీదా (నేరుగా ప్రభుత్వం కిందిది), జాగీరుదా, సంస్థానానిదా, సర్ఫ్-ఎ-ఖాస్‌దా (నిజాం సొంత ఆస్తి) అన్నది కూడా ముందే కనుక్కోండి. 1949లో జాగీర్లు రద్దయ్యేదాకా వాటి లెక్కలు వేరుగా నడిచాయి.

పహాణీలో పేరుంది కాబట్టి ఆ మనిషి అప్పటికి బతికే ఉన్నాడనుకోవద్దు. విరాసత్ (వారసుల పేరిట పట్టా మార్పు) చేయించుకోక చనిపోయినవారి పేరే ఇరవై ముప్పై ఏళ్లు నడిచిన పట్టాలు ఎన్నో. దీనికితోడు తాత పేరు మనవడికి పెట్టే ఆచారం ఒకటి. ఇద్దరు మల్లయ్యలను ఒకరిగా కలిపేస్తే మధ్యలో ఒక తరమే మాయమవుతుంది. లెక్క వేస్తే ఒకే మనిషి నూట పదేళ్లు సేద్యం చేసినట్టు తేలిందంటే అక్కడ ఇద్దరున్నారన్నమాట.

పాత రికార్డులో చాలా భాగం ఉర్దూలో, అదీ గొలుసుకట్టు రాతలో ఉంటుంది. పోచయ్యకు ‘పే’ కింద మూడు చుక్కలు, బుచ్చయ్యకు ‘బే’ కింద ఒకటే చుక్క. ‘ఓ’కారానికీ ‘ఉ’కారానికీ ‘వావ్’ ఒక్కటే. రాసినాయన తొందరలో చుక్కలు వదిలేస్తే పోచయ్యా బుచ్చయ్యా ఒక్కటైపోతారు. ఎల్లయ్య, ఐలయ్యలదీ అదే తిప్పలు. కాబట్టి పేరు ఒక్కటే చూడకండి. ‘వల్ద్’ అన్న మాట తర్వాత వచ్చే తండ్రి పేరు, సర్వే నంబరు, విస్తీర్ణం మూడూ కలిశాకే మనవాడని రాసుకోండి. ఆడవాళ్ల పేరు పక్కన ‘జౌజె’ ఉంటే ఆ తర్వాతది భర్త పేరు. ‘బేవా’ అంటే వితంతువు. ఈ తేడా తెలియక భర్తను తండ్రిగా రాసుకున్న వంశవృక్షాలున్నాయి.

అన్నిటికంటే ఎక్కువ చెడేది ఫసలీ, అంటే రెవెన్యూ లెక్కల సంవత్సరం దగ్గర. నిజాం రాజ్యంలో ఫసలీ సంవత్సరం ఆజర్ నెలతో, అంటే ఇంచుమించు అక్టోబరు 6న మొదలయ్యేది. ఇంగ్లీషు సంవత్సరం రావాలంటే ఆజర్, దై, బహ్మన్ నెలల కాగితానికి 590 కలపాలి, మిగతా తొమ్మిది నెలలకు 591. మద్రాసు ప్రభుత్వం కింద ఉన్న ఆంధ్ర ప్రాంతంలో ఫసలీ జూలై 1న మొదలవుతుంది, ఆ లెక్కను ఇక్కడికి తేవద్దు. హిజ్రీతోనూ కలపవద్దు: 1317 ఫసలీ అంటే 1907-08, 1317 హిజ్రీ అంటే 1899-1900. ఎనిమిదేళ్ల తేడాకు అన్న తమ్ముడవుతాడు.

ఇంట్లో పెద్దలను ‘ఏ సంవత్సరంలో పుట్టావు’ అని అడిగితే జవాబు రాదు. ‘పోలీసు చర్య నాటికి నీకు పెళ్లయిందా, నడుముకు బిడ్డ ఉందా?’ అని అడగండి, 1948 సెప్టెంబరుకు ఈడు తేలుతుంది. వాళ్లు తమ పెద్దల నోట విన్న తుగ్యానీ అంటే 1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరద. ధాత కరువు 1876 నాటిది. సంవత్సరాల పేర్లు అరవై ఏళ్లకోసారి తిరిగొస్తాయి. 1908 కీలకే, 1968 కూడా కీలకే. బడి రిజిస్టర్లలోని పుట్టినరోజులను మాత్రం అంతగా నమ్మలేం. చేర్చుకునే వయసు సరిపోవడానికి జూన్, జూలై తేదీలు వేసినవి చాలా ఉంటాయి.

కాగితమే లేని కుటుంబాలకు దారి మూసుకుపోలేదు. పద్మశాలీలకు కూనపులివారు, ముదిరాజులకు కాకిపడగలవారు, గౌడులకు గౌడజెట్టివారు, మాదిగలకు డక్కలివారు తరతరాలుగా వంశాలు చెబుతున్నారు. వారి మధ్య ఊళ్లు మిరాశీగా, అంటే వంశపారంపర్య హక్కుగా పంచుకుని ఉంటాయి. మీ ఊరు ఎవరి మిరాశీయో ఊళ్లో పెద్దలను అడగండి. మొదట వచ్చేది కుల పురాణం, దాన్ని తొందరపెట్టకుండా వినాలి. ఆ తర్వాత ఇంటిపేర్లు, మనుషుల పేర్లు వస్తాయి, అవి రాసుకోవాలి. ఇవ్వాల్సిన కట్నం నిండుగా ఇచ్చి, వారు ఒప్పుకుంటే గొంతు రికార్డు చేయండి. ఆ కళాకారుల్లో పెద్దవాళ్లు ఒక్కొక్కరే పోతున్నారు, పిల్లలు వేరే పనులు చూసుకుంటున్నారు. మా తార్నాకలోనే రాష్ట్ర ప్రాచీన పత్రాల భాండాగారం (స్టేట్ ఆర్కైవ్స్) ఉంది. అక్కడి ఫార్సీ, ఉర్దూ కాగితాలను కాపాడినట్టే ఈ గొంతులనూ ప్రభుత్వం భద్రపరచాలి. ఉర్దూ పహాణీ చదివిపెట్టే మనిషిని ప్రతి కలెక్టరేటులో ఒకరినైనా ఉంచాలి.

చివరగా, ఇంట్లో పాత దస్తావేజు దొరికితే లామినేషన్ చేయించకండి. ఆ వేడికి సిరా, కాగితం రెండూ దెబ్బతింటాయి, తర్వాత దాన్ని ఊడదీయలేం. పగటి వెలుతురులో రెండు వైపులా ఫొటో తీసి, నూలుబట్టలో చుట్టి పెట్టండి. వెనక వైపు మరిచిపోవద్దు. స్టాంపు అమ్మినాయన కొన్నవారి పేరు, తండ్రి పేరు, ఊరు, తేదీ రాసేది అక్కడే. వెతుకుతున్న ముత్తాత పేరు ఒక్కోసారి ఆ ఒక్క వరుసలోనే ఉంటుంది.

– విశ్రాంత రెవెన్యూ ఉద్యోగి, తార్నాక, హైదరాబాద్