ఇంట్లో వేరు చేసింది ట్రాక్టర్‌లో కలుస్తోంది

సంపాదకులకు నమస్కారం.

పల్లెల్లో తడి చెత్త, పొడి చెత్త వేరు చేయడం లేదని జనాన్ని తప్పుపట్టే మాటలు తరచూ వింటున్నాం. మా ఊరి మట్టుకు తప్పు జనానిది కాదు. మా వాడలో చాలా ఇళ్ల ముందు రెండు బుట్టలు ఉంటాయి. మా ఆవిడ పాల ప్యాకెట్ మూలను పూర్తిగా కత్తిరించదు. ఆ ముక్క ప్యాకెట్‌కే వేలాడేలా వదిలి, కడిగి, దండెం మీద ఆరేస్తుంది. తెగిపడిన చిన్న ముక్కను ఎవరూ ఏరరు, అది మురుగుకాలువలోకే పోతుందని ఆమె పట్టుదల. ఇంత శ్రద్ధగా కూడబెట్టిన సంచి పంచాయతీ ట్రాక్టర్ ఎక్కగానే పక్కింటివారి పాచిపోయిన పప్పు దాని మీద పడుతుంది. ట్రాలీకి మధ్యలో అడ్డు లేదు మరి!

చెత్తను వేరు చేసి ఇవ్వాలని చెప్పిన 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనలే, ఇచ్చినదాన్ని వేరుగా తీసుకెళ్లాలని కూడా చెప్పాయి. మొదటి మాటకు చాటింపు వేశారు, రెండోది మరిచారు. 2019లో ఊళ్లను శుభ్రం చేసే పల్లె ప్రగతి కార్యక్రమం మొదలయ్యాక ఊరికి ట్రాక్టర్ వచ్చింది, డంపింగ్ యార్డు వచ్చింది, షెడ్డు కూడా కట్టారు. షెడ్డులో ప్లాస్టిక్‌కు, గాజుకు, కాగితానికి రంగులతో పేర్లు రాసిన అరలున్నాయి. ఎండాకాలం వాటిలో మేకలు పడుకుంటున్నాయి. చెత్త మాత్రం బయట కుప్పగా పడి సాయంత్రాలు పొగ పెడుతోంది.

నిజానికి అమ్ముడుపోయే సరుకు ట్రాక్టర్ దాకా రానే రాదు. ఇనుము, సీసాలు, అట్టపెట్టెలు సైకిల్ మీద వచ్చే పాత సామాన్ల అతను ఉల్లిగడ్డలకో, ప్లాస్టిక్ డబ్బాకో పట్టుకుపోతాడు. అతను ముట్టుకోనివి చిప్స్ కవర్లు, షాంపూ పొట్లాలు. ప్లాస్టిక్‌కు వెండి రంగు పొర అంటుకుని ఉండే ఈ రకాన్ని కరిగించి మళ్లీ వాడటం కష్టం. సిమెంటు ఫ్యాక్టరీల బట్టీల్లో బొగ్గుతో పాటు కాల్చే పద్ధతి ఉంది. నల్లగొండ, సూర్యాపేట వైపు అలాంటి ఫ్యాక్టరీలకు కొదవ లేదు. కానీ పప్పు అంటిన కవర్లు అక్కడికి పనికిరావు, పొడిగా ఉండాలి.

నేను లైన్‌మన్‌గా పనిచేసి విరమించాను కాబట్టి కరెంటు మాట కూడా చెప్పాలి. గృహజ్యోతి పథకం కింద నెలకు 200 యూనిట్ల దాకా బిల్లు సున్నా అయ్యాక, మనిషి లేని గదిలో ఫ్యాను తిరగడం మా ఊళ్లో మామూలైంది. పాత రకం ఫ్యాను 75 వాట్ల దాకా లాగుతుంది. కొత్తగా వస్తున్న బీఎల్‌డీసీ ఫ్యానుకు 30 వాట్లు చాలు. కొనేటప్పుడు ధర ఎక్కువే, అందుకని అందరినీ మార్చమనను. గది దాటేటప్పుడు స్విచ్ నొక్కడానికి మాత్రం ఖర్చేమీ లేదు.

ఇళ్లకు ఇంత చెప్పి వీధి దీపాల సంగతి వదిలేస్తే అన్యాయం. మధ్యాహ్నం రెండింటికి కూడా అవి వెలుగుతూనే ఉంటాయి. 20 వాట్ల దీపాలు 100 ఉన్న ఊళ్లో పగలు 12 గంటలు వెలిగితే రోజుకు 24 యూనిట్లు, నెలకు 720 యూనిట్లు వృథా. గృహజ్యోతిలో మూడు ఇళ్లకు ఇచ్చే కరెంటు కన్నా ఇది ఎక్కువ. దీని బిల్లు పంచాయతీదే, అంటే మనదే. ఇళ్లకు పోయే తీగకే దీపాన్ని తగిలించిన చోట దాన్ని ఆర్పే వీలుండదు. అందుకే వీధి దీపాలకు విడిగా మూడో తీగ కావాలి. మా ఊళ్లో చాలా వీధులకు ఆ తీగ లాగారు. దాని చివర ఉండాల్సిన టైమర్ మాత్రం చెడిపోయి, డబ్బాలో సాలెగూడు కట్టింది.

పంచాయతీని నేను అడిగేది పెద్ద ఖర్చేమీ కాదు. ట్రాలీ మధ్యలో ఒక చెక్క అడ్డు పెట్టించండి. అది కూడా కుదరదంటే తడి చెత్త రోజూ, పొడి చెత్త వారానికొకసారి తీసుకెళ్లండి, దానికి పైసా అక్కర్లేదు. టైమర్ కొని తెస్తే, ఎక్కడెక్కడ బిగించాలో ఇప్పటి లైన్‌మన్‌కు దగ్గరుండి చూపిస్తాను. వీధికో ముసలాయన ఊరికే కూర్చున్నాడు కదా, పిలిస్తే వస్తాం.

– ఒక విశ్రాంత లైన్‌మన్, జనగామ జిల్లా