మెయిల్ ఫిల్టర్ ఎర్రర్: ముందు ఇది చదవండి

అందరికీ నమస్కారం. రాత్రి సర్వర్‌ని డెబియన్ 12 (లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్)కి మార్చాక ఆగిన మెయిళ్లు పోలేదు, కంగారు పడొద్దు. మెయిళ్లు పంపే ప్రోగ్రామ్ పోస్ట్‌ఫిక్స్ వాటిని మామూలుగా 5 రోజులు క్యూలో ఉంచి మళ్లీ మళ్లీ పంపి చూస్తుంది.

లాగ్‌లో 10024 పోర్టు దగ్గర కనెక్షన్ రెఫ్యూజ్డ్ అని ఉంది, అంటే ఆ పోర్టులో మెయిళ్లు అందుకుని వడకట్టే ఫిల్టర్ ప్రోగ్రామ్ అమావిస్ లేవలేదు. కారణం దొరికింది: అమావిస్ నడిచేది పెర్ల్ భాషలో; ఎప్పుడో సీపాన్ (పెర్ల్ మాడ్యూళ్ల ఆన్‌లైన్ భండారం) నుంచి చేత్తో వేసిన మాడ్యూల్ పాత పెర్ల్ 5.32కి కంపైల్ చేసింది. ఇప్పుడున్నది 5.36. దాన్ని తీసేసి డెబియన్ ప్యాకేజీయే వేశాను, లేచింది. ఇకపై సీపాన్ జోలికి వెళ్లకపోవడమే మంచిది.

తర్వాత వైరస్‌లు వెతికే క్లామ్‌ఏవీ, అమావిస్ ఫైళ్లు చదవలేక పర్మిషన్ డినైడ్ అంది. క్లామ్‌ఏవీ యూజర్‌ని అమావిస్ గ్రూపులో చేర్చి రీస్టార్ట్ చేశాను.

క్యూ మెల్లగా ఖాళీ అవుతోంది. తొందరపడి పోస్ట్‌ఫిక్స్ సెట్టింగుల్లోంచి ఫిల్టర్‌ని మాత్రం ఎవరూ తీసేయకండి, దయచేసి. వైరస్ మెయిళ్లు నేరుగా అందరి ఇన్‌బాక్సుల్లోకీ వెళ్లిపోతాయి.