రాత్రి మూడింటికి చెరువుకు అప్‌డేట్ పంపకండి

సంపాదకులకు నమస్కారం.

రొయ్యల చెరువు నీటికి గాలి అందించే చక్రాలను (ఏరియేటర్లను) సెల్‌ఫోనుతోనే నడుపుకోవచ్చంటూ ఆదివారం మీ జిల్లా పేజీలో వచ్చిన కథనం చదివాను. రాసింది నిజమే, కానీ సగమే. ఎక్కడెక్కడో ఉన్న పరికరాలను క్లౌడ్ నుంచి, అంటే ఇంటర్నెట్‌లోని సర్వర్ల నుంచి, అజమాయిషీ చేసే ఇంజినీరును నేను. ఉండి దగ్గర మా ఊళ్లో ఇంటి నుంచే పని. మా సంస్థ పెట్టెలు శీతల గిడ్డంగుల్లో ఉంటాయి. అవి పలుకుతున్నాయో లేదో చూడటం, వాటికి కొత్త సాఫ్ట్‌వేర్ పంపడం నా ఉద్యోగం.

మా వృత్తిలో ఒక అలవాటుంది. అప్‌డేట్లు అర్ధరాత్రి దాటాకే పంపుతాం. ఆ వేళ ఎవరూ వాడరని, తేడా వస్తే తెల్లారేలోగా సర్దుకోవచ్చని. చెరువుకు సరిగ్గా అదే గండం వేళ. పగలు ఎండకు నీటిలోని ప్లాంక్టన్ (సన్నటి నాచు) ప్రాణవాయువు వదులుతుంది. చీకటి పడ్డాక అదీ, రొయ్యలూ, అడుగు బురదా కలిసి దాన్ని లాగేసుకుంటాయి. తెల్లవారుజాముకు మిగిలేది అతి తక్కువ. చెరువుల మధ్య పుట్టి పెరిగిన నాకు ఈ రెండు గడియారాలూ ఢీకొంటాయని తట్టనే లేదు.

కిందటి నెల తట్టింది. రాత్రి మూడున్నరకు బాబాయి ఫోను: "ఒరే, రొయ్య తేలుతోంది, రా!" వెళ్లేసరికి టార్చిలైటు వెలుగులో గట్టు పొడవునా మీసాలే. కరెంటు ఉంది. స్టార్టరు పచ్చ బటన్ నొక్కితే టక్కున పడి, మరుక్షణం లేచిపోతోంది. పక్కనే, ఫోను నుంచి ఏరియేటర్లు నడిపే కొత్త పెట్టెలో ఎర్ర దీపం వెలుగుతూ ఆరుతూ ఉంది. అమ్మినవాళ్లు ఆ రాత్రే అప్‌డేట్ పంపారట. పెట్టె మళ్లీ మళ్లీ మొదలవుతూ సర్వరు కోసం ఎదురుచూస్తోంది. మెయిన్ దించి, పెట్టె తీగలు విప్పి, పాత పద్ధతిలో కలిపితే గాని చక్రాలు తిరగలేదు. ఆ సంస్థ తెరమీద మా చెరువు, పలకని పరికరానికి గుర్తుగా, ఒక బూడిదరంగు చుక్కగా కనిపించి ఉంటుంది. అలాంటి చుక్కలను 'పొద్దున చూద్దాం' అని నేనూ ఎన్నోసార్లు వదిలేశాను.

2024 జూలై 19న కంప్యూటర్ భద్రతా సంస్థ క్రౌడ్‌స్ట్రైక్ పంపిన ఒక్క తప్పుడు అప్‌డేట్‌తో సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు పడకేశాయి. చాలాచోట్ల మనిషి వెళ్లి ఒక్కోదాన్నీ చేత్తో బాగుచేయాల్సి వచ్చింది. కంప్యూటరు మనిషి వచ్చేదాకా ఆగుతుంది, రొయ్య ఆగదు.

అమ్మేవారిని కోరేది పెద్దదేమీ కాదు. చెరువు పెట్టెలకు అప్‌డేట్ పగలు పదింటికి, ఎండ బాగా ఉన్నప్పుడు పంపండి. అదీ ముందు పది చెరువులకు పంపి, రెండు రోజులు చూసి, ఆ తర్వాతే మిగతావాటికి. సర్వరు పలకకపోయినా పచ్చ బటన్ పనిచేసి తీరాలి. ఎన్నేళ్లు సర్వరు నడుపుతారో బిల్లు మీదే రాసివ్వండి. గూగుల్ అంతటి సంస్థే పరికరాలను ఇంటర్నెట్‌కు కలిపే తన ఐఓటీ కోర్ సేవను 2023 ఆగస్టు 16న మూసేసింది. మన ఊరి దుకాణం మాట ఎంత?

బాబాయి మాత్రం ఆ పెట్టెను పశువుల పాకలో పడేశారు. రాత్రి రెండింటికి అలారం పెట్టుకుని గట్టు మీదికి వెళ్తున్నారు. నిద్ర చెడుతోందని పిన్ని తిట్టేది నన్ను.

- ఒక పాఠకుడు, ఉండి మండలం, పశ్చిమ గోదావరి జిల్లా