సూరిగాడికి, బకెట్లో కాలు పెట్టినవాడు రాయునది

ఒరేయ్ సూరిగా,

ముందు తిట్టాల్సినవన్నీ తిట్టేసుకో, తర్వాత చదువు. నీ ఉత్తరం వచ్చి రెండు నెలలు దాటింది, ఫ్రిజ్ మీద కరెంటు బిల్లుల కింద పడి ఉంది, చూసినప్పుడల్లా ఈ ఆదివారం రాసేద్దాం అనుకోవడం, ఆదివారం వచ్చేసరికి మళ్లీ మామూలే. ఫోన్లో మాట్లాడుకుంటూనే ఉన్నాంగా అంటావు. కానీ ఇది ఫోన్లో చెప్పేది కాదురా, నువ్వు మధ్యలో నవ్వేసి చెప్పనివ్వవు. విజిల్ మావయ్య కొడుకు ఈ సాయంత్రం రైలుకి పుణె వస్తున్నాడు, వాడి చేతికిస్తున్నా. దీంతోపాటు మాడుగుల హల్వా ఒక డబ్బా. మూత తీసి చూసి మరీ తీసుకో, వాడి సంగతి తెలుసుగా.

ఇంటి కబుర్లు గబగబా: అమ్మ మోకాళ్లు అలాగే ఉన్నాయి. చెల్లి సంబంధం ఇంకా మాటల్లోనే ఉంది. నా ఉద్యోగం ఉంది, జీతమూ ఉంది, రెంటికీ సంబంధం మాత్రం కనబడటం లేదు. మన పెదవాల్తేరు డాబా ఈ వానలకి మళ్లీ కారుతోంది, హాల్లో సరిగ్గా టీవీకి ఎదురుగా. ఈ కారడం సంగతి గుర్తుపెట్టుకో, తర్వాత పనికొస్తుంది.

అసలు విషయం. కంచరపాలెంలో ఇంటికి రంగులేయిస్తున్నారని మావయ్య పది రోజులు మా ఇంట్లో దిగాడు. అవును, అదే మావయ్య. ఒకే సైకిలు మీద ముగ్గురం సిరిపురం డౌన్లో దిగుతుంటే విజిలేసి ఆపి, మేనల్లుణ్ణి కదా అని నన్ను వదిలేసి మీ ఇద్దరి చేతా గుంజీలు తీయించిన మహానుభావుడు. (లెక్క ఇప్పటికీ నువ్వు ఇరవై అంటావు, మనతో ఉన్న మూడోవాడు యాభై అంటాడు. నాకు తెలుసు, పన్నెండు.) హెడ్ కానిస్టేబులుగా రిటైరై ఇన్నేళ్లయినా అలవాటు పోలేదు, పొద్దున్నే పాలవాణ్ణి చూసి "నిన్న ఈ టైముకి ఎక్కడున్నావ్" అంటాడు, వాడు పాపం నిజంగానే చెబుతాడు.

మొన్న ఆదివారం వానకి డిష్ సిగ్నల్ పోయింది. సీరియల్ లేదు, న్యూస్ లేదు, మావయ్య బోనులో పులిలా హాల్లో తిరుగుతున్నాడు. సరేలే అని పెన్‌డ్రైవ్‌లో ఉన్న 'ఎ షాట్ ఇన్ ది డార్క్' లాప్‌టాప్‌లో పెట్టి టీవీకి తగిలించా. 1964 నాటిది, బ్లేక్ ఎడ్వర్డ్స్ తీసింది, పీటర్ సెల్లర్స్ ఇన్‌స్పెక్టర్ క్లూజోగా రెండోసారి వేసిన సినిమా. నువ్వు ఈలేస్తావే ఒక ట్యూను, ఆ ట్యూను ఉన్న 'పింక్ పాంథర్' సినిమాకి తర్వాతది. ఆ మొదటి 'పింక్ పాంథర్'లో క్లూజో వేషం అసలు పీటర్ ఉస్తినోవ్‌దిరా, ఆయన తప్పుకుంటే ఈయన చేతికొచ్చింది. అందులో హీరో డేవిడ్ నివెన్, నగల దొంగ, క్లూజోది పక్క వాటా. కానీ చూసినవాళ్లకి గుర్తుండిపోయింది పక్క వాటావాడే. దాంతో వేరే ఎవరిదో నాటకం, అందులో క్లూజో అనేవాడే లేడు, దాన్ని పట్టుకొచ్చి ఇతన్ని మధ్యలో కూర్చోబెట్టి ఈ రెండోది రాసుకున్నారు. రాసిన ఇద్దరిలో ఒకడెవడో తెలుసా, విలియం పీటర్ బ్లాటీ. ఆ 'ఎగ్జార్సిస్ట్' రాసినాయన! నువ్వు అది చూసొచ్చి మూడు రాత్రులు లైటేసుకుని మీ నాన్నగారి మంచం పక్కన పడుకున్నావే, ఆ దెయ్యం గురువుగారే ఇదీ రాశాడు. ఇప్పుడు నవ్వాలో వణకాలో నువ్వే తేల్చుకో.

సరే, మావయ్య. మంచం మీద బాసింపట్టు వేసుకుని, ఒళ్లో పళ్లెం, చేతిలో అడకత్తెర, వక్కలు కత్తిరించుకుంటూ మొదలెట్టాడు. పారిస్‌లో ఒక డబ్బున్నాయన బంగళా, పనిమనిషి గదిలో కారు డ్రైవరు శవం, ఆ అమ్మాయి చేతిలో తుపాకీ. ఇంగ్లీషు ఆయనకి అంతంత మాత్రం, నేను పక్కనుంచి చెబుతున్నా. క్లూజో వస్తాడు, కారు దిగుతాడు, దిగడం దిగడం నీళ్ల ఫౌంటెన్లోకి. మావయ్య నవ్వలేదు. "ఏట్రా ఇది, సీనాఫ్ అఫెన్సుకి తడిబట్టల్తో ఎల్తాడా?" అన్నాడు. తర్వాత తోటమాలి చచ్చిపోతే, కత్తెర పట్టుకుని మళ్లీ ఆ అమ్మాయే పక్కన. క్లూజో మళ్లీ ఆమె నిర్దోషి అని వదిలేస్తాడు, ఎందుకంటే బాగుంటుంది కాబట్టి. "రెండు శవాలు, రెండుసార్లూ అదే మనిషి, అదే చేతిలో ఆయుధం, ఈడు వదిలేశాడు! ఈడికి పంచనామా రాయడమేనా వచ్చా?" అని నా మీదకొచ్చాడు, నేనే వదిలేసినట్టు. మన 'చంటబ్బాయ్' పాండురంగారావు నయం అన్నాడు, వాడికి కనీసం చేతిలో డిటెక్టివ్ నవలలున్నాయట.

ఆయన మెత్తబడింది ఎక్కడంటే, పై ఆఫీసరు డ్రైఫస్ వచ్చాక. హెర్బర్ట్ లోమ్ వేశాడు. క్లూజో చేసే ఒక్కో పనికీ ఈయనకి ఒక కన్ను టపటపా కొట్టుకోవడం మొదలవుతుంది చూడు, అక్కడ మావయ్య మొదటిసారి "పాపం" అన్నాడు. హంతకుడి మీదా కాదు, చచ్చినవాడి మీదా కాదు, డ్రైఫస్ మీద. నాకెప్పుడూ తట్టలేదురా, ఎన్నిసార్లు చూశాం ఇద్దరం, మనం క్లూజోనే చూస్తూ ఉన్నాం. పడేవాణ్ణి చూసి ఎంతసేపు నవ్వుతాం? పడేవాడికి తను పడ్డట్టే తెలియదు, ఏమీ జరగనట్టు కోటు సర్దుకుంటాడు. నొప్పంతా పక్కనున్నవాడికి. ఆ డ్రైఫస్ బల్ల మీద చుట్ట కొస కత్తిరించుకునే చిన్న మర ఉంటుంది, క్లూజో మీది ధ్యాసలో పడి డ్రైఫస్ చుట్ట బదులు తన బొటనవేలు పెట్టేసుకుంటాడు. సరిగ్గా అదే క్షణం మావయ్య చేతిలో అడకత్తెర వక్క మీద ఉంది. నేను చూశాను. చెయ్యి గాల్లో ఆగిపోయింది. మెల్లిగా అడకత్తెర తీసి పళ్లెంలో పెట్టి, పళ్లెం మంచం కిందకి తోసి, "రేపు తింటాలే" అన్నాడు. ఇంక రెండో రోజు దాకా వక్క ముట్టలేదు!

మధ్యలో ఒక విచిత్రం. క్లూజో మారువేషంలో జైలు బయట బుడగలు అమ్మేవాడిలా నిలబడతాడు, ఆ అమ్మాయి వెనకాల వెళ్దామని. లైసెన్సు లేదని సొంత పోలీసులే పట్టుకుని వ్యాన్లో పడేస్తారు. ఇలాంటిదే మళ్లీ మళ్లీ వస్తుంది, వేషం మారుతుంది, వ్యాన్ అదే. నేను పొట్ట పట్టుకుని నవ్వుతున్నా, పక్కన ఈయన ఉలుకూ పలుకూ లేదు. "ఒకసారి వెనక్కి పెట్టు" అన్నాడు. పెట్టా. మళ్లీ చూశాడు. ఏమీ అనలేదు. నిద్రొస్తోందేమో అనుకున్నా.

ఇప్పుడు బకెట్. నేనొకటి మర్చిపోయానురా, ఇందులో బట్టల్లేని వాళ్ల క్యాంపు ఒకటుంది కదా. క్లూజో ఆ అమ్మాయిని వెతుక్కుంటూ అక్కడికి పోయి, ఒంటి మీద నూలుపోగు లేకుండా, గిటారు ఒక్కటి అడ్డం పెట్టుకుని నడుస్తాడు. సినిమాలో ఏమీ కనబడదు, అన్నీ చెట్టో గిటారో అడ్డం. కానీ వంటింట్లో అమ్మ అరటికాయ బజ్జీలు దించుతోంది, "వేడిగా ఉన్నాయి తెస్తున్నా" అన్న మాట వినబడింది. గుండె గుభేలుమంది. లాప్‌టాప్ అటు మూల, నేను ఇటు మూల. లేచి ఒక్క ఉరుకు ఉరికాను, డాబా కారుతోందని చెప్పానుగా, దాని కింద అమ్మ పెట్టిన నీలం బకెట్లో కుడికాలు మోకాలి దాకా దిగింది. ఆ కాలుతోనే, బకెట్‌తోనే, ఇంకో రెండు అడుగులు వేశా, ఎందుకు వేశానో నన్నడక్కు, వైరు తట్టుకుని స్టూలూ నేనూ నీళ్లూ ఒకేసారి కింద పడ్డాం. లాప్‌టాప్ బతికింది. సినిమా ఆగలేదు. మావయ్య నవ్వాడ్రా. సాయంత్రం నుంచి బిగబట్టుకున్నదంతా నన్ను చూసి నవ్వాడు, దగ్గొచ్చి, కళ్లల్లో నీళ్లొచ్చి, తువ్వాలు నోట్లో కుక్కుకుని.

అమ్మ గుమ్మంలో బజ్జీల పళ్లెంతో నిలబడింది. కింద నన్ను చూసింది, పైన తెర మీద మీసం, గిటారు, మొహంలో అంత హుందాతనం పెట్టుకున్న ఆ మనిషిని చూసింది. చాలాసేపు చూసి తాపీగా ఏమందో తెలుసా: "అదేంట్రా, అచ్చం మన సూరిగాడి నాన్నలా ఉన్నాడు."

ఈ ఒక్క ముక్క కోసమేరా ఈ ఉత్తరం. ఒట్టు, ఆ మీసం అదే మీసం. నీకు ఇంకెప్పుడూ ఆ సీను మామూలుగా కనబడదు. అంకుల్‌కి చెప్పకు, లేదా చెప్పు, నీ ఇష్టం, నేను మాత్రం వచ్చే నెల మీ ఇంటికెళ్లినప్పుడు ఆయన మొహం చూడలేను.

అయిపోలేదు. రాత్రి వాన తగ్గాక డాబా మెట్ల మీద కూర్చున్నాం, మావయ్య చాలాసేపు ఊరుకుని, "నానూ అలాగే దొరికానురా" అన్నాడు. ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఎక్కడో ఒక వీధిలో ఇత్తడి గంగాళాలు పోతున్నాయని మఫ్టీలో కాపలా వేశారట. ఎస్సై ఈయన్ని ఒక చివర పెట్టాడు. ఆయనకి చెప్పకుండా హెడ్డు ఇంకో కానిస్టేబుల్ని రెండో చివర పెట్టాడు. ఇద్దరూ గొంగళ్లు కప్పుకున్నారు, ఇద్దరూ గోడల పక్కన నక్కారు, రాత్రి రెండింటికి ఒకడికొకడు కనబడ్డారు. ఇంకేముంది, కలబడి కాలవలో పడ్డారట, ఇద్దరూ "దొంగ దొంగ" అని అరవడమే. జనం లేచి ఎవడు దొంగో తేలక ఇద్దర్నీ ఒకే స్తంభానికి కట్టేశారు. తెల్లారి ఎస్సై వచ్చి కట్లు విప్పుతుంటే ఆయనకి ఎడమ కన్ను అదిరిందట. "రిటైరయ్యేదాకా, నేను సెల్యూట్ కొడితే చాలు, ఆ కన్ను అదిరేది. నేను అదేదో జబ్బనుకున్నా" అన్నాడు మావయ్య. నవ్వుతూ అన్నాడనుకున్నా, చీకట్లో సరిగ్గా కనబడలేదు. మీ చేత గుంజీలు తీయించినవాడేనా ఇతను అనిపించింది, పొద్దున్నుంచీ ఆయన్ని చూస్తే నాకు అదోలా...

గంగాళాలేమయ్యాయంటావా, అడిగా. పోయినవి నాలుగు. అందులో రెండు పెళ్లికి అరువిచ్చి ఇంటివాళ్లే మర్చిపోయారట. మిగతా రెండూ దొరకనే లేదు.

సినిమా చివర్న ఏమవుతుందో నీకు తెలుసు కదా, తప్పు చేసినవాళ్లంతా ఒక్కసారే, క్లూజో కోసం డ్రైఫస్ పెట్టిన బాంబు ఉన్న కార్లోకే ఎక్కడం, అక్కడ మావయ్య ఇంకొకటి అన్నాడు, అది భలే మాట, కానీ కింద ఆటో హారన్ కొడుతోంది, వీడు చెప్పులేసుకుని నిలబడ్డాడు, కవరు అంటించాలి, వాడు దారిలో చదివితే వాళ్ల నాన్నకి చెప్పేస్తాడు. మిగతాది తర్వాత. హల్వా డబ్బా స్టీలుది, అమ్మది, తిరిగి పంపు.

నీ
బాబ్జీ