ట్రాలీ చేసినందుకు మెమో ఇచ్చారు

సంపాదకుల వారికి,

సంస్థల్లో సృజనాత్మకత పెంచడం మీద అధికారులకు రెండు రోజుల శిక్షణ జరిగిందని పోయిన వారం మీ పత్రికలో చదివాను. కోపం కాస్త తగ్గాక రాద్దామని ఇన్ని రోజులు ఆగాను. ఫొటోలో ఉన్నవాళ్లంతా అధికారులే. చేతికి గ్రీజు అంటే మనిషి ఒక్కడూ లేడు.

పెద్ద బండ్లు రిపేరు చేసే ఒక వర్క్‌షాప్‌లో 31 ఏళ్లు మెకానిక్‌గా పనిచేశాను. బ్రేక్ డ్రమ్ ఊడదీయాలంటే ఇద్దరం పట్టేవాళ్లం, నడుములు పడిపోయేవి. మాతో పనిచేసే ఒకాయన తుక్కులో పడున్న యాంగిల్ ముక్కలు, పాత బేరింగులు ఏరుకొచ్చి, భోజనాల వేళ వెల్డింగ్ చేసి చిన్న ట్రాలీ తయారుచేశాడు. దాన్ని డ్రమ్ కిందికి తోస్తే ఒక్కడే లాగేయొచ్చు. నాలుగు నెలలు అందరం వాడుకున్నాం. తనిఖీకొచ్చిన అధికారి ‘దీనికి పర్మిషన్ ఎవరిచ్చారు?’ అన్నారు. తుక్కు సామాను వాడుకున్నందుకు ట్రాలీ చేసినాయనకు మెమో ఇచ్చి, మూడు రోజుల్లో సంజాయిషీ రాయమన్నారు. ట్రాలీ మళ్లీ తుక్కులోకే పోయింది. రిటైరయ్యే దాకా ఆయన మరో కొత్త పని తలపెట్టలేదు. ఆయన్ని చూసి మేమూ నోరు మూసుకున్నాం. గేటు పక్కన సలహాల పెట్టె ఉండేది. దాని తాళంచెవి ఎవరి దగ్గరుందో చెప్పినవాళ్లు లేరు.

కార్మికుల మంచి సలహాలకు కేంద్ర కార్మిక శాఖ విశ్వకర్మ రాష్ట్రీయ పురస్కారాలు ఇస్తుంది. ఆ సంగతి నాకు రిటైరయ్యాక తెలిసింది! సర్వీసులో ఉండగా ఒక్క సర్క్యులరైనా మా నోటీసు బోర్డుకు ఎక్కలేదు.

టొయోటా కంపెనీ 1951లోనే కార్మికుల సలహాలు తీసుకునే పద్ధతి పెట్టింది. లోపం కనిపిస్తే మామూలు కార్మికుడే తాడు లాగి లైను ఆపించగలడక్కడ. మన దగ్గర మాత్రం చేతిపని మనిషికి బుర్ర ఉంటుందని నమ్మరు. జైపూర్ కృత్రిమ పాదాన్నే చూడండి. డాక్టర్ పి.కె. సేథీకి 1981లో మెగసెసే అవార్డు వచ్చింది, సంతోషమే. ఆయనతో కలిసి ఆ పాదాన్ని తయారుచేసిన శిల్పి రామచంద్ర శర్మ పేరు ఎంతమందికి తెలుసు?

మన చింతకింది మల్లేశం సంగతి అందరికీ తెలిసిందే. చీర నేతకు ముందు దారాన్ని చేత్తో అటూ ఇటూ తిప్పి చుట్టే ఆసు పోసీ పోసీ తల్లి భుజం నొప్పితో బాధపడుతుంటే చూడలేక 1992లో ఆ పని చేసే యంత్రం మొదలుపెట్టారు. అది పూర్తయ్యేసరికి 1999. పద్మశ్రీ 2017లో వచ్చింది. ఆ ఏడేళ్లలో ఎన్నిసార్లు చెడగొట్టి మళ్లీ చేసి ఉంటారు! అదే ఏ ఆఫీసులోనో ఉద్యోగి అయ్యుంటే మొదటిసారి చెడినప్పుడే ఆడిట్ అభ్యంతరం, జీతంలో రికవరీ. ఏ ప్రయత్నమూ చేయని ఉద్యోగికి మాత్రం ఇంక్రిమెంటు ఆగదు, ప్రమోషన్ ఆగదు. ఈ భయం పోగొట్టకుండా శిక్షణలకు, కన్సల్టెంట్లకు డబ్బు పోయడం ఎందుకు? శిక్షణ పొందిన అధికారి కూడా సీటు అలవాటయ్యేలోపే బదిలీ అయి వెళ్లిపోతాడు.

ప్రతి వర్క్‌షాప్‌కూ ప్రయోగాల కోసం ఏటా కొంత సొమ్ము విడిగా ఇవ్వాలి. ప్రయోగం చెడితే ఆ ఖర్చును ఎవరి జీతంలోనూ కోయకూడదు. వచ్చిన ప్రతి సలహాకూ నెలలోపు కాగితం మీద జవాబివ్వాలి, కాదంటే ఎందుకు కాదో రాయాలి. పనికొచ్చిన వస్తువు మీద చేసినవాడి పేరు ఉండాలి. ఆ ట్రాలీ చేసినాయన ఇప్పటికీ మా వీధిలోనే ఉంటాడు. తర్వాతి శిక్షణకు ఆయన్ని పిలిస్తే నేనే వెంటబెట్టుకొస్తాను.

– ఒక రిటైర్డ్ మెకానిక్, హనుమకొండ